మక్కా మసీదు రాళ్ళను చదివించే నడక: ఒక సమీక్ష

హైదరాబాదు పాతబస్తీలో సెలవురోజు ఉదయాల్లో చారిత్రక నడకలు నిర్వహించే బృందాలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. వాటిలో ఎక్కువ నడకలు చార్మినార్ దగ్గర మొదలై, లాడ్ బజారు మీదుగా చౌమహల్లా ప్యాలెస్ వరకు సాగుతాయి. మధ్యలో మక్కా మసీదు ప్రాంగణంలో కాసేపు ఆగి, నాలుగు ఫొటోలు తీసుకోనిచ్చి, ముందుకు కదులుతాయి. ఇక్కడ నేను సమీక్షిస్తున్నది అలాంటి నడక కాదు. ఒక చిన్న బృందం ఉదయం మొత్తాన్నీ ఒక్క మక్కా మసీదుకే కేటాయించి, ఆ కట్టడాన్ని దాని రాయి నుంచి మొదలుపెట్టి వివరించే ప్రయత్నం చేస్తోంది. ఈ ప్రయత్నం ఎంతో అవసరమైనదని నా నమ్మకం. రాతి పనిని చూపించడంలో ఈ నడకకు పూర్తి మార్కులు వేస్తాను. చరిత్రను చెప్పడంలో మాత్రం దిద్దుకోవలసినవి కొన్ని ఉన్నాయి. వెళ్ళాలనుకునేవారికీ, నిర్వాహకులకూ ఉపయోగపడుతుందని రెండింటినీ వివరంగా రాస్తున్నాను.

ముందుగా సమయం గురించి. మసీదు ముఖం తూర్పుకు ఉంటుంది. మన ప్రాంతం నుంచి మక్కా పడమటి దిక్కున ఉంది కనుక ప్రార్థన చేసేవారు పడమటి గోడకు ఎదురుగా నిలుస్తారు, ప్రవేశించే ముఖం సహజంగానే తూర్పుకు తిరుగుతుంది. దానివల్ల ఉదయపు ఎండ నేరుగా ఆ 5 పెద్ద కమానుల మీద పడుతుంది. రాతి మీద ఉలి చేసిన పని, కమానుల చుట్టూ సాగిన సన్నని పూల అంచులు, చూరు కింద వరుసగా నడిచే అలంకరణ అప్పుడు కనిపించినంత స్పష్టంగా మధ్యాహ్నం తరువాత కనిపించవు, ఎందుకంటే అప్పటికి ముఖమంతా నీడలోకి వెళ్ళిపోతుంది. నడకను ఉదయాన్నే పెట్టడం ఎండ తీవ్రత నుంచి తప్పించుకోవడానికి మాత్రమే కాదని మార్గదర్శి మొదట్లోనే చెప్పారు. తాము చూపించే వస్తువు ఏ వెలుగులో బాగుంటుందో తెలిసిన మనిషి చేతిలో ఉన్నామన్న నమ్మకం ఆ మాటతోనే కలిగింది.

రాయి దగ్గర ఆయన తీసుకున్న శ్రద్ధ ఈ నడకకు ప్రాణం. కుతుబ్‌షాహీ కట్టడాలలో చాలావాటికి లోపల రాయి, పైన సున్నపు గచ్చు ఉంటాయి. చార్మినార్ మీద కనిపించే ఆకులు, పూలు, జాలీల వంటి నగిషీలలో అధికభాగం మెత్తని గచ్చులో తీర్చినవే. గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధుల మీద కూడా అదే పద్ధతి కనిపిస్తుంది. మక్కా మసీదు దగ్గరికి వచ్చేసరికి ఈ పద్ధతి మారిపోయింది. ఇక్కడ రాయి తనను తాను కప్పుకోలేదు. చెక్కి, నునుపు చేసి, అంచుకు అంచు కలిపి పేర్చిన గ్రానైటు దిమ్మెలే గోడ, అవే అలంకారం. దక్కను గ్రానైటు భూమి మీద అతి పాత శిలలలో ఒకటి, దాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. గచ్చును తడిగా ఉన్నప్పుడు వేలితోనైనా మలచవచ్చు, గ్రానైటు మాత్రం ప్రతి గీతకూ ఉలిని అరగదీస్తుంది. ఆ కారణంగానే ఈ మసీదులో అలంకారం తక్కువ, కొలత ఎక్కువ. ఇక్కడి అందమంతా గీతల నిడివిలో, కమాను వంపులో, దిమ్మెల మధ్య కనీ కనిపించని సందులలో ఉంది. మార్గదర్శి మమ్మల్ని ముందు చార్మినార్ కింద నిలబెట్టి గచ్చు పనిని చూపించి, తరువాత ఇక్కడికి తీసుకువచ్చి గోడకు దగ్గరగా నిలబెట్టారు. ఆ తేడాను ఇంతకంటే బాగా వివరించే పద్ధతి నాకు తోచడం లేదు.

లోపలి మందిరం కొలతలు సాధారణంగా ఇలా చెప్తారు: వెడల్పు 220 అడుగులు, లోతు 180 అడుగులు, ఎత్తు 75 అడుగులు. ఒకేసారి 10,000 మంది ప్రార్థన చేసుకోగలిగినంత చోటు. ముఖం పొడవునా 5 కమానులు, లోపలికి 3 వరుసలు, అంటే స్తంభాల మధ్య మొత్తం 15 అంకణాలు (గదుల్లాంటి గళ్ళు). పైకప్పు బరువు ఈ కమానుల మీదుగా స్తంభాలలోకి దిగుతుంది. ఆ బరువు ఎలా దిగుతుందో మార్గదర్శి చెప్పకపోవడం నాకు లోటుగా అనిపించింది. కమాను తన మీద పడిన భారాన్ని కిందికి పంపుతూనే పక్కలకు కూడా నెడుతుంది. వరుసలో పక్కపక్కన ఉన్న కమానులు ఒకదాని తోపును మరొకటి ఆపుకుంటాయి కానీ, వరుస చివరి కమానును ఆపేవారు ఉండరు. ఆ చివరల్లో దళసరి గోడలు, వాటికి తోడు మూలల్లో బరువైన అష్టకోణపు కట్టడాలు ఉండటం వల్ల ఆ తోపు అక్కడ ఆగుతుంది. దూరం నుంచి చూసేవారికి ఆ మూలలు కేవలం మినార్లకు పీఠాలుగా కనిపిస్తాయి. ఈ సంగతి రెండు నిమిషాలలో చెప్పవచ్చు, అది విన్నవారు తరువాత ఏ పాత మసీదును చూసినా, ఏ పాత వంతెనను చూసినా కొత్త కళ్ళతో చూస్తారు.

సందర్శకులను ప్రార్థనా మందిరం లోపలికి సాధారణంగా అనుమతించరు, కమానుల బయట నుంచే చూడాలి. దీన్ని లోపంగా నేను చూడను. ఇది రోజుకు 5 పూటలా నమాజు జరిగే మసీదు, ప్రదర్శనశాల కాదు. నడుమ కమాను ముందు నిలబడితే పడమటి గోడలోని మిహ్రాబ్, అంటే ప్రార్థన దిశను చూపే గూడు, నేరుగా కనిపిస్తుంది. మా బృందంలోని ఒక పెద్దావిడ మార్గదర్శిని, "ఆ గూటి రాయి ఇంత పెద్దది, దీన్ని ఎట్లా తెచ్చారు నాయనా?" అని అడిగారు. అప్పుడు ఆయన చెప్పిన జవాబు ఆ ఉదయం మొత్తంలో నాకు ఎక్కువ నచ్చిన భాగం. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యానికి పలుమార్లు వచ్చాడు. మసీదు ఇంకా కడుతూ ఉండగానే చూసి, దాని గురించి తన యాత్రాగ్రంథంలో రాశాడు. పని మొదలై సుమారు 50 ఏళ్ళు అయిందనీ, పూర్తయితే దేశమంతటిలో ఇంత గొప్ప కట్టడం ఉండదనీ, ఆ ప్రార్థనా స్థలంలోని గూడు అంతా ఒకే బండ అనీ, దాన్ని గని నుంచి వేరు చేయడానికే 500 నుంచి 600 మంది నిరంతరం పనిచేసినా 5 ఏళ్ళు పట్టిందనీ, దొర్లించి బండికి ఎక్కించడానికి అంతకంటే ఎక్కువ కాలం పట్టిందనీ, 1,400 ఎడ్లు దాన్ని లాగాయనీ ఆయన రాత. విన్నది విన్నట్టు రాసే యాత్రికుల లెక్కలలో అతిశయోక్తికి చోటు ఉంటుంది. మార్గదర్శి కూడా ఆ మాట మరవకుండా చెప్పారు. అయినా ఓరుగల్లుకు ఏకశిలా నగరమని పేరు పెట్టుకున్న నేల మీద పుట్టినవారికి ఒకే బండ మీద ఉండే ఈ మోహం కొత్తగా అనిపించదు.

ఇక చరిత్ర. మసీదుకు పునాది వేసింది కుతుబ్‌షాహీ వంశంలో ఆరవ సుల్తాను మహమ్మద్ కుతుబ్‌షా. 1591లో హైదరాబాదును స్థాపించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షాకు ఈయన అన్నదమ్ముల కొడుకు, అల్లుడు కూడా. అంతకుముందే చార్మినార్ పక్కన ఒక జామా మసీదు ఉంది కానీ, పెరుగుతున్న రాజధానికి అది చాలేది కాదు. 1617లో మొదలైన పనికి మీర్ ఫైజుల్లా బేగ్, రంగయ్య చౌదరి పర్యవేక్షకులుగా ఉన్నారని చరిత్ర చెప్తుంది. రాజు భక్తిపరుడు, నియమాలు తప్పనివాడు. మక్కా నుంచి తెచ్చిన మట్టితో చేసిన ఇటుకలను నడుమ కమానులో వాడారని, అందుకే ఈ మసీదుకు ఆ పేరు నిలిచిందని అంటారు. ఏనాడూ నమాజు తప్పనివాడే పునాదిరాయి వేయాలని రాజు కోరితే ఎవరూ ముందుకు రాలేదని, చివరికి రాజే ఆ పని చేశాడని ఒక కథ ప్రచారంలో ఉంది. మార్గదర్శి ఈ కథను హృద్యంగా చెప్పారు, అది కథ అని కూడా చెప్పారు. కానీ రంగయ్య చౌదరి పేరు ఆయన నోట రాలేదు. మసీదు నిర్మాణాన్ని నడిపినవారిలో ఒక తెలుగు పేరు ఉందన్న సంగతి, తెలుగువారితో నిండిన బృందానికి తప్పక చెప్పవలసినది. గోల్కొండ పాలనలో తెలుగువారి స్థానం ఏమిటో అర్థం చేసుకోవడానికి అక్కన్న మాదన్నల కాలం దాకా ఆగనక్కరలేదు.

మొదలుపెట్టిన రాజు 1626లో చనిపోయాడు. ఆయన కొడుకు అబ్దుల్లా కుతుబ్‌షా 1672 వరకు పాలించాడు, పని సాగింది కానీ ముగియలేదు. ఎందుకు ముగియలేదు అన్న ప్రశ్నకు నడకలో సమాధానం దొరకదు. కట్టడాన్ని అర్థం చేసుకోవడానికి అదే కీలకం కనుక ఇక్కడ రాస్తున్నాను. అబ్దుల్లా 1636లో మొగలు చక్రవర్తి షాజహానుకు లొంగుబాటు పత్రం రాసి ఇచ్చి, ఏటా కప్పం కట్టడానికి ఒప్పుకున్నాడు. 1656లో యువరాజుగా ఉన్న ఔరంగజేబు సేనలు హైదరాబాదును కొల్లగొట్టాయి. గోల్కొండ వజ్రాల ఆదాయం ఎంత ఉన్నా, కప్పానికీ యుద్ధానికీ మధ్య నలుగుతున్న ఖజానా నుంచి ఏళ్ళ తరబడి రాతి పనికి డబ్బు తీయడం తేలిక కాదు. తరువాత వచ్చిన అబుల్ హసన్ తానీషా కాలం భద్రాచల రామదాసు చెరసాల కథ ద్వారా తెలుగువారికి బాగా తెలిసినదే. ఆయన ఏలుబడి 1687లో ముగిసింది. ఎనిమిది నెలల ముట్టడి తరువాత గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కింది, తానీషాను దౌలతాబాదు కోటలో బంధించారు. ఆ రాజ్యాన్ని అంతం చేసినవాడే ఆ రాజ్యం మొదలుపెట్టిన మసీదును 1694లో ముగింపుకు తెచ్చాడు. సుమారు 77 ఏళ్ళ పని అది.

ఈ ముగింపు కట్టడం మీదనే కనిపిస్తుంది. ముఖం రెండు చివరల్లోని మినార్లను చూడండి. కింద ఉన్న అష్టకోణపు మొదళ్ళ దళసరితనానికి పైన లేచిన భాగం ఎత్తు సరిపోదు. వరండాల వలయం, దాని మీద చిన్న గుమ్మటం రాగానే కట్టడం ఆగిపోతుంది. మొదట అనుకున్న ఎత్తుకు వాటిని లేపకుండా కుదించి ముగించారని చెప్తారు. ఈ తేడాను మార్గదర్శి చేతితో చూపించి, కొన్ని అడుగులు వెనక్కి నడిపించి, మళ్ళీ చూడమన్నారు. చక్కగా చేశారు. కానీ అదే సందర్భంలో "ఈ మసీదును ఔరంగజేబు కట్టించాడు" అని ఒకచోట, "కుతుబ్‌షాహీలు కట్టించారు" అని మరొకచోట అనడం వల్ల కొత్తగా వచ్చినవారు తికమకపడ్డారు. ఎవరు మొదలుపెట్టారు, ఎవరు కొనసాగించారు, ఎవరు ముగించారు అన్న మూడు విషయాలూ వరుసగా చెప్తే చాలు, ఆ అయోమయం ఉండదు. ఒక చిన్న కాగితం మీద రాజుల పేర్లు, సంవత్సరాలు అచ్చువేసి ఇస్తే ఇంకా బాగుంటుంది.

ప్రాంగణంలో దక్షిణం వైపు పొడవైన కమానుల మండపం కింద ఆసఫ్‌జాహీల, అంటే హైదరాబాదు నిజాముల సమాధులు ఉన్నాయి. ఇక్కడ మార్గదర్శి ఒక పొరపాటు చేశారు, నిజాములందరూ ఇక్కడే ఖననమయ్యారని చెప్పారు. అది సరికాదు. మొదటి నిజాం సమాధి మహారాష్ట్రలోని ఖుల్దాబాదులో ఉంది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కింగ్ కోఠీ ఎదుటి జూదీ మసీదులో, తన తల్లి సమాధి దగ్గర ఖననం చేయించుకున్నారు. రెండవ నిజాం నుంచి 1911లో కన్నుమూసిన ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ వరకు ఉన్న పాలకులు ఇక్కడ ఉన్నారు. ఎనిమిదవ నిజాంగా పిలిచే ముకర్రం జా 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో మరణించినప్పుడు ఆయన పార్థివదేహాన్ని తీసుకువచ్చి ఇక్కడే ఖననం చేశారు. ఈ మండపం సన్నని మినార్లతో, సుకుమారమైన తీరుతో ఉంటుంది. దాన్నీ మసీదు ముఖాన్నీ ఒకే చూపులో చూస్తే రెండు కాలాల అభిరుచి పక్కపక్కన నిలబడినట్టు ఉంటుంది. ఈ పోలిక ప్రస్తావనకే రాలేదు. నడక ఈ మండపం దగ్గర నిజానికి మరికొంత సేపు ఆగాలి.

ఆ సమయం ఎక్కడ దొరుకుతుందంటే, కొలను పక్కనున్న రాతి బల్ల దగ్గర. దాని మీద కూర్చున్నవారు మళ్ళీ హైదరాబాదుకు తప్పక వస్తారన్న నమ్మకం ఒకటి ప్రచారంలో ఉంది. బృందమంతా ఒక్కొక్కరుగా కూర్చుని ఫొటోలు తీసుకోవడానికి చాలాసేపు పట్టింది. ముచ్చట తీర్చుకోవడంలో తప్పేమీ లేదు, పిల్లలకు అది బాగా నచ్చింది కూడా. అయితే అక్కడికి దగ్గరలోనే ఉన్న నీడ గడియారం వైపు ఎవరూ చూడలేదు. నమాజు వేళలు సూర్యుడి గమనాన్ని బట్టి నిర్ణయమవుతాయి. మధ్యాహ్నం పొద్దు వాలిన తరువాతి నమాజు, నీడ పొడవును బట్టి వచ్చే సాయంకాలపు నమాజు తెలుసుకోవడానికి ఒకనాడు ఈ రాతి మీది నీడే ఆధారం. ప్రాంగణంలో అంత ముఖ్యమైన వస్తువును చూపకుండా దాటిపోవడం విచారం కలిగించింది.

2007 మే 18న, శుక్రవారం నమాజు వేళ ఈ ప్రాంగణంలో బాంబు పేలింది, ప్రార్థనకు వచ్చినవారు ప్రాణాలు కోల్పోయారు. వజూ, అంటే నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ ముఖమూ కడుక్కోవడం, చేసుకునే చోటు దగ్గర మార్గదర్శి ఈ విషయం రెండు మూడు వాక్యాలలో, ఎవరినీ నిందించకుండా, స్వరం తగ్గించి చెప్పి ముందుకు నడిచారు. ద్వారం దగ్గర సంచుల తనిఖీ ఎందుకు అంత పట్టుగా జరుగుతుందో అప్పుడు అర్థమవుతుంది. ఇంతకంటే మర్యాదగా ఆ విషయాన్ని చెప్పడం కష్టం.

కట్టడం ప్రస్తుత ఆరోగ్యం గురించి కూడా ఆయన మాట్లాడారు. పైకప్పు నుంచి నీరు దిగడం, దాన్ని ఆపడానికి ప్రభుత్వం చేపట్టిన మరమ్మతులు పత్రికల్లో చాలాసార్లు వచ్చినవే. పాత కట్టడాల పైకప్పుకు డంగు సున్నమే సరైన మందు. గానుగలో రోజుల తరబడి నూరి, బెల్లం, కరక్కాయ వంటివి కలిపి చేసే ఆ సున్నం రాయితో పాటు కొంచెం సాగుతుంది, కొంచెం కుంచించుకుంటుంది, లోపలి తేమను బయటికి వదులుతుంది. సిమెంటు గట్టిగా పట్టుకుని తేమను లోపలే ఆపేస్తుంది. ఈ సంగతిని ఆయన సామాన్యులకు అర్థమయ్యే మాటల్లో వివరించారు. తమ ఊరి పాత గుడికి సిమెంటు పూత వేయించాలనుకుంటున్న ఒకాయన దీన్ని చాలా శ్రద్ధగా విన్నారు. మసీదు గురించి చెప్పిన మాట ఒక గుడికి పనికివస్తే ఆ నడక సార్థకమైనట్టే.

వెళ్ళేవారికి కొన్ని సూచనలు. మసీదు ప్రవేశానికి రుసుము లేదు. శుక్రవారం మధ్యాహ్నం, రంజాను చివరి శుక్రవారం, పండుగల నాడు జనం ప్రాంగణం దాటి వీధుల్లోకి నిండుతారు కనుక ఆ వేళల్లో చూడటానికి వెళ్ళకపోవడమే మర్యాద. భుజాలు, మోకాళ్ళు కప్పే దుస్తులు వేసుకోవాలి, స్త్రీలు తలమీద కప్పుకోవడానికి చున్నీ లేదా పమిట ఉంచుకుంటే మంచిది. నమాజు చేసుకుంటున్నవారి ఎదుటి నుంచి నడవకూడదు, వారి ఫొటోలు తీయకూడదు. మార్గదర్శి ఇవన్నీ ముందే చెప్పారు, బృందం పాటించేలా కూడా చూశారు. పావురాలకు గింజలు చల్లడం పిల్లలకు సరదాయే కానీ, వాటి రెట్టలు పాత రాతికి హాని చేస్తాయి కనుక ఆ సరదాను మానుకోవడం మేలు. వృద్ధులకు ప్రాంగణంలో నడవడం కష్టం కాదు, కాకపోతే ఎండ ఎక్కితే రాతి పరుపు కాళ్ళను కాలుస్తుంది.

నిర్వాహకులకు నాదొక విన్నపం ఉంది. ఈ నడకను కార్వాన్‌లోని టోలీ మసీదు వరకు పొడిగించండి. అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో మక్కా మసీదు పనులు చూసిన మూసాఖాన్ 1671లో దాన్ని కట్టించాడు. మక్కా మసీదుకు ఖర్చయిన ప్రతి రూపాయికీ తనకు దక్కిన ఒక్కొక్క దమ్డీని, అంటే అతి చిన్న నాణేన్ని, కూడబెట్టి కట్టాడని చెప్పుకుంటారు, దమ్డీ మసీదు అన్న మరో పేరు దానికి అలా వచ్చింది. అక్కడ గోడ నిండా, మినార్ల నిండా గచ్చు నగిషీ పూసి ఉంటుంది, చేతివేలు పట్టినంత చోటు కూడా ఖాళీ కనిపించదు. గ్రానైటును ఇంత నిరాడంబరంగా ఉంచిన పనిని పర్యవేక్షించిన మనిషి, తన సొంత డబ్బుతో కట్టుకున్నప్పుడు ఎందుకు అంత అలంకారాన్ని కోరుకున్నాడో సందర్శకులు అక్కడ నిలబడి తామే ఆలోచించుకుంటారు. ఒక బండి ఏర్పాటు చేస్తే ఎండ ముదరకముందే రెండూ చూడవచ్చు, దానికి కొంత ఎక్కువ రుసుము తీసుకున్నా నేను సంతోషంగా చెల్లిస్తాను.